అమ్మకాలు నిజంగా ఆగిపోయాయా? చేతికుట్టు నోటుపుస్తకాల ఆన్‌లైన్ దుకాణంపై ఒక కేస్ స్టడీ

ఆన్‌లైన్ మార్కెట్‌ప్లేస్‌లలో సొంత సరుకు అమ్ముకునే చిన్న వ్యాపారులకు లెక్కలు చూసిపెట్టడం, ఆ లెక్కలు ఏం చెబుతున్నాయో విడమరచి చెప్పడం నా వృత్తి. ఇక్కడ రాస్తున్నది ఒక్క దుకాణం సంగతి. చేతితో కుట్టిన నోటుపుస్తకాలు అమ్ముతారు. తయారీ, ఫొటోలు, ప్యాకింగ్, జవాబులు అన్నీ ఒక్క మనిషే. ఆమె అనుమతితోనే రాస్తున్నాను. పేరు, ఏ వేదిక మీద అమ్ముతారన్నది అవసరం లేదు. ఈ ఇబ్బంది ఏ వేదిక మీదైనా, ఏ సరుకుకైనా ఇదే రూపంలో వస్తుంది.

నా దగ్గరకు వచ్చేనాటికి ఆమె దుకాణం నాలుగు వందల ఆర్డర్లు దాటింది. మొదటి మాటే, "అమ్మకాలు ఆగిపోయాయండీ. నిన్నా లేదు, మొన్నా లేదు, అటు మొన్నా లేదు. మూసేయాలేమో అనిపిస్తోంది" అన్నారు. గొంతులో అలసట స్పష్టంగా తెలుస్తోంది. ఇలాంటప్పుడు ధైర్యం చెప్పడం కంటే ముందు తేదీలవారీగా ఆర్డర్ల జాబితా తెప్పించుకోవడం మంచిదని నా నమ్మకం. తెప్పించుకున్నాను. గత మూడు నెలల్లో నెలకు సుమారు ముప్పై ఆర్డర్లు. అంతకు ముందు మూడు నెలల్లోనూ అంతే. ఏదీ ఆగలేదు, ఏదీ తగ్గలేదు. అయినా ఆమె భయం కల్పితం కాదు. మూడు రోజులు ఒక్క ఆర్డరూ రాకపోవడం ఆమె కళ్లారా చూసిన నిజం. ఈ రెండు నిజాలూ ఒకేసారి ఎలా కుదురుతాయో తేలాలి.

సున్నా రోజులు

ఒకరితో ఒకరికి సంబంధం లేని కొనుగోలుదారులు, ఎవరి వీలు చూసుకుని వారు కొనే చోట ఆర్డర్లు వరుసలో నిలబడి రోజుకొకటి చొప్పున రావు. గుంపుగా వస్తాయి, మాయమవుతాయి, మళ్లీ వస్తాయి. ఇలాంటి రాకపోకలకు ఫ్రెంచి గణితవేత్త పాయిజాన్ 1837లోనే ఒక సూత్రం ప్రచురించారు. గణాంకశాస్త్ర పాఠ్యపుస్తకాల్లో అది పాయిజాన్ విభాజనం పేరుతో ఉంటుంది. దాని ప్రకారం రోజుకు సగటున ఒక ఆర్డరు వచ్చే దుకాణంలో ఒక్కటీ రాని రోజులు దాదాపు 37 శాతం. ముప్పై రోజుల నెలలో పదకొండు రోజులు ఖాళీగా పోతాయన్నమాట. ఒక్కటే వచ్చే రోజులు మరో 37 శాతం, రెండు వచ్చేవి 18 శాతం, మిగతా కొద్ది రోజుల్లో మూడు, అంతకు మించి. వరుసగా మూడు ఖాళీ రోజులు నెలలో ఒకసారైనా తగిలే అవకాశం సగానికి పైనే.

ఆమె జాబితాలో ఖాళీ రోజులు లెక్కపెట్టాం. నెలకు పది, పదకొండు, పన్నెండు. అంటే ఆమెను కుంగదీసిన ఆ మూడు రోజులు దుకాణం ఎప్పటిలా నడుస్తోందనడానికే గుర్తు. ఆ మాట చెప్పినప్పుడు ఆమె కాసేపు జాబితా వైపే చూసి, "మరి నిజంగా తగ్గితే ఎలా తెలుస్తుంది?" అని అడిగారు. అడగాల్సిన ప్రశ్న అదే. రోజును చూస్తే తెలియదు. నాలుగు వారాల మొత్తం చూడాలి. సగటు మొత్తానికి వర్గమూలం తీయండి, దాన్ని రెట్టింపు చేయండి, వచ్చినది సగటులోంచి తీసేయండి. రోజుకొకటి చొప్పున నాలుగు వారాలకు ఇరవై ఎనిమిది. దానికి వర్గమూలం ఐదు పైచిలుకు. రెట్టిస్తే పదిన్నర. తీసేస్తే పదిహేడు మిగులుతుంది. నాలుగు వారాల్లో ఇరవై రెండు వచ్చినా, ఇరవై వచ్చినా అది మామూలు ఎగుడుదిగుడే కావచ్చు. పదిహేడో, అంతకు తక్కువో వస్తే మాత్రం కూర్చుని కారణం వెతకాలి. పండుగలు, సెలవుల ప్రభావం గట్టిగా ఉండే సరుకైతే నిరుటి అదే నెలతో పోల్చాలి. గడిచిన నెలతో పోలిస్తే తప్పుదారి పట్టిస్తుంది.

ఇదే తొందర ఆమె లిస్టింగుల (అమ్మకానికి పెట్టే ఒక్కో వస్తువు పేజీల) విషయంలోనూ కనిపించింది. కొత్త డిజైన్ పెట్టడం, అరవై మంది చూసి ఒక్కరూ కొనకపోతే "ఇది పోదు" అని తీసేయడం. ఆమె దుకాణంలో చూసినవారిలో కొనేవారు సుమారు రెండు శాతం. ఆ లెక్కన బాగా అమ్ముడుపోగల డిజైన్ కూడా మొదటి అరవై మంది దగ్గర సున్నాతో నిలిచిపోయే అవకాశం 30 శాతం దాకా ఉంది. మంచి డిజైన్లు కొన్ని ఇలాగే చెత్తబుట్టలోకి పోయి ఉంటాయి. గణాంకవేత్తలు వాడే ఒక సులువైన నియమం ఉంది. ఎంతమంది చూసినా ఒక్కరూ కొనకపోతే, మూడును ఆ సంఖ్యతో భాగించండి. అసలు కొనుగోలు రేటు అంతకు మించి ఉండదని 95 శాతం నమ్మకంతో చెప్పవచ్చు. అరవైకి అది ఐదు శాతం, అంటే ఏమీ తేలలేదు. నూట యాభైకి రెండు శాతం. అందుకే నూట యాభై మంది చూసేదాకా ఏ లిస్టింగూ తీయకూడదని, ఆ తర్వాత కూడా తీసేముందు మొదటి ఫొటో మార్చి చూడాలని అనుకున్నాం.

మైలురాళ్ల మధ్య దూరం

సున్నా రోజుల భయం పోయాక కూడా ఉత్సాహం తిరిగి రాలేదు. కారణం ఆమె గోడ మీదే ఉంది: 1, 10, 50, 100, 500, 1000 అని రాసుకున్న కాగితం. వంద దాకా టిక్కులు పడ్డాయి. మొదట్లో ప్రతి కొత్త అంకె త్వరగానే అందింది. రోజుకొకటి చొప్పున పది నుంచి వందకు చేరడానికి తొంభై రోజులు. అదే వేగంతో వంద నుంచి వెయ్యికి తొమ్మిది వందల రోజులు, దాదాపు రెండున్నరేళ్లు. ఆమె పనిలో ఏ లోటూ లేదు, రాళ్లను అంత దూరంగా పాతుకున్నారు, అంతే. ఈబే అనే ఆన్‌లైన్ వేదిక తన సభ్యులకు ఇచ్చే రంగు నక్షత్రాలు కూడా ఇలాగే విస్తరిస్తాయి. ఫీడ్‌బ్యాక్ స్కోరు, అంటే లావాదేవీల మీద వచ్చిన అభిప్రాయాల లెక్క, 10కి పసుపు, 50కి నీలం, 100కి లేత నీలిపచ్చ, 500కి ఊదా, 1000కి ఎరుపు. కొనేవారికి అమ్మకందారు అనుభవం ఒక్క చూపులో చెప్పడానికి అది సరిపోతుంది. అమ్మేవారిని నెలల తరబడి నడిపించడానికి సరిపోదు.

దూరపు గమ్యాల మీద మనస్తత్వవేత్తలు చేసిన పనిలో మూడు విషయాలు నాకు వృత్తిలో బాగా అక్కరకొచ్చాయి. నూన్స్, డ్రెజ్ అనే పరిశోధకులు 2006లో ఒక కార్ వాష్ దగ్గర జరిపిన ప్రయోగాన్ని ప్రచురించారు. కొందరికి ఎనిమిది ముద్రలు పడాల్సిన కార్డు ఇచ్చారు. మరికొందరికి పది ముద్రల కార్డు, కానీ రెండు ముందే కొట్టి ఇచ్చారు. ఇద్దరికీ మిగిలింది ఎనిమిదే. మొదటి రకంలో 19 శాతం మంది కార్డు పూర్తి చేస్తే, రెండో రకంలో 34 శాతం మంది పూర్తి చేశారు. అప్పటికే కొంత దూరం వచ్చామన్న ఎరుకకు అంత బలం ఉంది. బొనెజ్జీ, ఆయన సహచరులు 2011లో చూపించింది ఏమిటంటే, ఏ గమ్యానికైనా మొదట్లోనూ చివర్లోనూ ఊపు ఉంటుంది, నడుమ సన్నగిల్లుతుంది. కూ, ఫిష్‌బాక్ 2012లో దానికో ఉపాయం లాంటిది చూపారు. మొదటి సగంలో చేసినదాన్ని, రెండో సగంలో మిగిలినదాన్ని, అంటే ఎప్పుడూ రెండింటిలో చిన్నదాన్ని చూసుకుంటే పట్టు నిలుస్తుంది.

దీన్ని ఆమె తనదైన పద్ధతిలో మలిచారు. చెప్పింది నేనే అయినా, ఇంత అందమైన పద్ధతి నాకు తట్టేది కాదు. అట్టలకు బట్ట కత్తిరించాక అంచున సన్నటి పీలికలు మిగులుతాయి. ఆర్డరు పంపిన ప్రతిసారీ ఆ పుస్తకం బట్టలోంచే వేలెడు పీలిక తీసి, ఒక ఖాళీ నోటుపుస్తకంలో అతికిస్తారు. వరుసకు పది, పేజీకి పది వరుసలు. పేజీ నిండితే వంద. ఐదు వరుసల దాకా "ఇన్ని అయ్యాయి" అని లెక్క. ఆరో వరుస నుంచి "ఇన్నే ఉన్నాయి" అని లెక్క. గోడ మీద కాగితం తీసేశారు. నాలుగు వందల పాత ఆర్డర్లకు కూడా జాబితా చూసి పీలికలు అతికించారు, ఓపికగా, రెండు ఆదివారాలు కూర్చుని. రెండు ముద్రలు ముందే కొట్టిన కార్డు లాంటిది ఆ నాలుగు పేజీల పుస్తకం.

నాకు ముచ్చటేసిన సంగతి ఇంకోటి ఉంది. ఆ పేజీలు దూరం నుంచి చూస్తే ముదురు నీలం విస్తారంగా పరుచుకుని కనిపిస్తుంది. మూడో పేజీ నుంచి మరీనూ. ఆమె ఎక్కువ శ్రమపెట్టి, ఎక్కువ ఫొటోలు తీసి, ముందు వరుసలో పెట్టుకున్నవి పూల అచ్చు అట్టలు. అవి అక్కడక్కడా చుక్కల్లా ఉన్నాయి. ఏ డిజైన్ పోతోందో వేదిక ఇచ్చే నివేదికలోనూ ఉంది. ఆమె దాన్ని చాలాసార్లు తెరిచారు కూడా. కానీ మనసుకు ఎక్కింది మాత్రం సొంత చేత్తో నీలం మీద నీలం అతికిస్తున్నప్పుడే. ఆ వారమే నీలం పుస్తకాన్ని దుకాణం ముందుకు తెచ్చారు.

ఐదు వందల కోసం తగ్గింపు

మూడు వందలు దాటడానికి ఆమె ఇరవై శాతం తగ్గింపు పెట్టి గట్టెక్కారట. ఐదు వందలకూ అదే చేద్దామనుకున్నారు. వద్దని చెప్పే ముందు కాగితం మీద లెక్క వేశాం. ధరను వంద పాళ్లు అనుకుందాం. కాగితం, బట్ట, దారం, పెట్టె, రవాణా కలిపి అరవై. వేదిక రుసుము ధరలో పదో వంతు, అంటే పది. మిగిలేది ముప్పై. ఇరవై శాతం తగ్గిస్తే ధర ఎనభై, రుసుము ఎనిమిది, ఖర్చు అదే అరవై. మిగిలేది పన్నెండు. మునుపటి ముప్పై చేతికి రావాలంటే ఒక పుస్తకం బదులు రెండున్నర పుస్తకాలు అమ్మాలి. వారానికి ఏడు పుస్తకాల చోట పదిహేడో పద్దెనిమిదో. ఒక్కో పుస్తకానికి ఫారాలు మడవడం, రంధ్రాలు వేయడం, కుట్టడం, అట్ట బిగించడం కలిపి రెండున్నర గంటల పని. వారానికి నలభై నాలుగు గంటలు కుట్టు పనే. అలా మూడు వందలు దాటిన నెలలో బొటనవేలు నొప్పితో వారం రోజులు సూది పట్టలేకపోయానని ఆమె అప్పుడే గుర్తు చేసుకున్నారు.

కొలమానాన్నే గురిగా పెట్టుకుంటే అది కొలవడం మానేస్తుందన్న సూత్రం బ్రిటన్ ఆర్థికవేత్త చార్ల్స్ గుడ్‌హార్ట్ పేరు మీద ప్రచారంలో ఉంది. ఆయన 1975లో ద్రవ్య విధానం గురించి అన్న మాటకు తర్వాత ఇతరులు ఇచ్చిన రూపం అది. ఆర్డర్ల సంఖ్య దుకాణం ఆరోగ్యాన్ని బాగానే చూపుతుంది, దాన్ని ఎత్తిపెట్టడానికి ధర కోయనంత కాలం. కోసిన రోజు నుంచి అది కోతను మాత్రమే చూపుతుంది. తగ్గింపులన్నీ తప్పని నేను అనను. పాత నిల్వ వదిలించుకోవడానికి, చోటు ఖాళీ చేయడానికి అవి కావాలి. అంకె దాటడానికి మాత్రం వద్దు.

చేతిలో ఉన్నవి

వారానికి ఒకసారి, ఆదివారం సాయంత్రం, ఆమె మూడు గడులు నింపుతారు. మొదటి గడిలో తన చేతిలో ఉన్నవి: ఎన్ని లిస్టింగులు మెరుగుపరిచారు, ఎన్ని ప్రశ్నలకు ఆ రోజే జవాబిచ్చారు, ఎన్ని పార్సిళ్లు గడువులోగా వెళ్లాయి. రెండో గడిలో వచ్చినవి: ఎందరు చూశారు, ఎందరు కొన్నారు, కొన్నవారిలో పాతవారు ఎందరు. మూడో గడిలో అన్నీ పోగా మిగిలిన డబ్బు. మొదటి గడి నిండితే ఆ వారం బాగా పనిచేసినట్టే. రెండో గడిలో ఏం వచ్చినా సరే. ఈ ఒక్క ఒప్పందం ఆమెలో తెచ్చిన మార్పు, నా వైపు నుంచి వచ్చిన మిగతా సలహాలన్నీ కలిపి తేలేదు.

వేదికలు కూడా నమ్మకానికి కొలతగా తీసుకునేవి ఎక్కువగా మొదటి గడిలోవే. చేతిపని వస్తువులకు పేరున్న ఎట్సీ వేదిక 2021లో తెచ్చిన స్టార్ సెల్లర్ గుర్తింపు సకాలంలో జవాబులు, సకాలంలో రవాణా, మంచి రేటింగుల మీద నడుస్తుంది. అమెజాన్ తన అమ్మకందారులకు పెట్టిన హద్దుల్లో ఆలస్యపు రవాణా 4 శాతం లోపు, రవాణాకు ముందే అమ్మకందారు రద్దు చేసేవి 2.5 శాతం లోపు, లోపమున్న ఆర్డర్లు 1 శాతం లోపు ఉండాలి. పెద్ద దుకాణానికి ఇవి తేలిక. చిన్న దుకాణానికి లెక్క వేరు. నెలకు ఇరవై ఐదు ఆర్డర్లుంటే ఒక్క ఆలస్యంతోనే 4 శాతం అవుతుంది. అందుకే తయారీకి పట్టే రోజులను ఉన్నదానికంటే కాస్త ఎక్కువగానే ప్రకటించి, ముందుగా పంపమని చిన్న అమ్మకందారులందరికీ చెబుతాను.

ప్రశ్నల గడి నుంచి ఇంకో లాభం వచ్చింది. అడిగినవన్నీ ఒకచోట రాస్తే రెండే మళ్లీ మళ్లీ కనిపించాయి. పుస్తకం తెరిస్తే బల్ల మీద సమంగా పరుచుకుంటుందా? సిరా పెన్నుతో రాస్తే వెనక పేజీకి దిగుతుందా? రెండిటికీ జవాబు వివరణలో ఉంది, ఏడో వాక్యంలో. ఎవరూ అక్కడిదాకా చదవరు. నడిమి పేజీ దగ్గర తెరిచి, పైన ఏ బరువూ పెట్టకుండా, కుట్టు దారం కనిపించేలా ఒక ఫొటో తీశారు. సిరాతో నాలుగు గీతలు గీసి, ఆ కాగితం ముందువైపు, వెనకవైపు పక్కపక్కన పెట్టి ఇంకోటి తీశారు. రెండూ లిస్టింగులో రెండో, మూడో ఫొటోలయ్యాయి. ఆ ప్రశ్నలు దాదాపు ఆగిపోయాయి.

ఫోను మోత

ఆర్డరు వచ్చినప్పుడల్లా ఫోను మోగే ఏర్పాటు ఆమెకు ఉండేది. మోగకపోతే తెరిచి చూసేవారు, కుట్టు మధ్యలో కూడా. ఎప్పుడు దొరుకుతుందో తెలియని బహుమతికే ప్రాణి ఎక్కువగా అతుక్కుంటుందని అమెరికా మనస్తత్వవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ పావురాల ప్రయోగాల్లో తేలింది. ఎన్నిసార్లు పొడిస్తే గింజ వస్తుందో ఊహకందనప్పుడే అవి ఆగకుండా పొడిచాయి. మోత తీసేయమన్నాను. "అది వినబడితేనే నాకు పని చేయబుద్ధవుతుందండీ" అన్నారు. మొండిపట్టు పట్టలేదు నేను. ఒప్పుకున్నది ఇది: రోజూ పొద్దున ప్యాకింగ్ మొదలుపెట్టే వేళ ఒకసారి తెరవాలి, ఉన్నవన్నీ అప్పుడే చూసి, అప్పుడే ప్యాక్ చేసి, అప్పుడే పీలికలు అతికించాలి. కొనుగోలుదారుల ప్రశ్నలకు మాత్రం మోత ఉంచాం. వాటికి జవాబు ఆమె చేతిలోదే కాబట్టి.

పక్క దుకాణాల మొత్తం అమ్మకాలు బయటికి కనిపించే వేదికల మీద పోల్చుకోవడం ఇంకో బెడద. ఆ అంకె వెనక ఎన్నేళ్లు, ఎంత ప్రకటన ఖర్చు, ఎందరు మనుషులు, ఎంత మిగులు అన్నది కనిపించదు. ఆమె అనుసరిస్తున్న ఒక దుకాణాన్ని తీసేయమన్నాను, తీసేశారు. ఇంతకు మించి చెప్పాల్సినది లేదు.

ఇప్పుడు కొలుస్తున్నది

ఐదో పేజీ నిండింది, తగ్గింపు లేకుండానే. ఆ తర్వాత మా సంభాషణ ఆర్డర్ల మీద కాకుండా గంటల మీదికి మళ్లింది. కుట్టుకు వారానికి ఇరవై ఐదు గంటలు దొరుకుతాయి, అంటే పది పుస్తకాలు. ఎంత గిరాకీ ఉన్నా అదే పైకప్పు. ఈ మాట చేతిపని అమ్మేవారు ముందే తెలుసుకోవాలని నాకు చాలా పట్టుదల. వెయ్యో ఆర్డరు ఎప్పుడన్నది వారి విషయంలో వేళ్లు తేల్చాల్సిన మాట. కాబట్టి మైలురాయి గంటకు మిగిలే డబ్బు మీద ఉండాలి.

నీలం పుస్తకం ధర పది శాతం పెంచి చూద్దామన్నాను. పాత లెక్కే: ధర నూట పది, రుసుము పదకొండు, ఖర్చు అరవై, మిగిలేది ముప్పై తొమ్మిది. మునుపు ముప్పై. ఎనిమిది వారాల్లో ఆ పుస్తకాలు ఇరవై నాలుగు పోయేవి. పెంచాక పంతొమ్మిదికి పడినా చేతికొచ్చేది మునుపటికి తగ్గదు, పైగా పన్నెండు గంటలు ఆదా. ఆమె జంకారు. రివ్యూలు రాసేవాళ్లు ఏమంటారోనన్నారు. ఒక్క డిజైన్ మీదే, ఎనిమిది వారాలకే, పంతొమ్మిది కంటే తగ్గితే పాత ధరకు వెనక్కి అన్న షరతు మీద ఒప్పుకున్నారు. ఆ షరతు పీలికల పుస్తకం మొదటి పేజీ మీద పెన్సిలుతో రాసిపెట్టుకున్నారు.

ఎనిమిది వారాల్లో ఇరవై రెండు వచ్చాయి. ధర గురించి రివ్యూల్లో ఎవరూ ప్రస్తావించలేదు. నీలం పుస్తకానికి కొత్త ధర స్థిరపరిచాం. పూల అచ్చు అట్టల్లో కుట్టుకు ఎక్కువ సమయం తినే రెండింటికి వచ్చే నెల నుంచి ఇదే పరీక్ష, ఇదే పద్ధతిలో మొదలవుతుంది.